కంటైనర్ టెర్మినల్ కర్బన లెక్క: డీజిల్ ట్యాంకు దగ్గర మొదలుపెట్టాలి

ఓడరేవులో కంటైనర్లు ఎత్తి దించే ఒక టెర్మినల్‌లో 40 యార్డ్ ట్రాక్టర్లు (కంటైనర్లను యార్డుకి లాగే బండ్లు) ఉన్నాయనుకుందాం. ఒక్కోదాని ఇంజిన్ సామర్థ్యం 170 కిలోవాట్లు, ఏడాదికి 3,000 గంటలు తిరుగుతుంది. మార్గదర్శకాల్లో దొరికే లోడ్ ఫ్యాక్టర్ (ఇంజిన్ సామర్థ్యంలో సగటున వాడే భాగం) 0.39 పెట్టి గుణిస్తే, ఒక్కో ఇంజిన్ ఏడాదిలో చేసిన పని 1,98,900 కిలోవాట్-గంటలు. కిలోవాట్-గంటకు 223 గ్రాముల డీజిల్ ఖర్చవుతుందని తీసుకుంటే అది దాదాపు 52,800 లీటర్లు. నలభైకీ కలిపి 21 లక్షల లీటర్లు. ఇప్పుడు అదే టెర్మినల్ స్టోర్స్ రిజిస్టర్ తెరిస్తే ట్రాక్టర్లు, ఆర్‌టీజీ క్రేన్లు (యార్డులో కంటైనర్లను పేర్చే, టైర్ల మీద నడిచే క్రేన్లు), రీచ్ స్టాకర్లు అన్నిటికీ కలిపి ఏడాదంతా పోసిన డీజిల్ 19 లక్షల లీటర్లే కనిపిస్తుంది. టెర్మినల్ మొత్తానికి కొన్న డీజిల్ కన్నా ఒక్క ట్రాక్టర్లే ఎక్కువ తాగేశాయన్నమాట!

ఇది వివరించడానికి వేసిన లెక్కే. కానీ ఇలాంటి అసంగతం నివేదికల్లో కనపడకుండా దాగిపోవడం చాలా తేలిక. ఎందుకంటే నివేదికలో లీటర్లు ఉండవు, టన్నుల కార్బన్ డయాక్సైడ్ మాత్రమే ఉంటుంది. 5,600 టన్నులు అని రాసి ఉంటే అది ఎక్కువో తక్కువో చదివేవాడికి తట్టదు. గంటకు 17.6 లీటర్లు అని రాసి ఉంటే యార్డులో పనిచేసే ఏ మెకానిక్ అయినా "ఈ బండి అంత తాగదే" అని వెంటనే అంటాడు. అందుకే కర్బన లెక్కను టన్నుల్లోకి మార్చే ముందు లీటర్లలో, యూనిట్లలో నిలబెట్టి చూడాలి. ట్యాంకు, మీటరు చెప్పే మొత్తాన్ని ముందు ఖాయం చేసుకుని, ఆ మొత్తాన్ని యంత్రాలకూ కంటైనర్లకూ పంచడానికి మాత్రమే సూత్రాలను వాడాలి. చాలాచోట్ల జరిగేది దీనికి తలకిందులు.

లెక్కలోకి ఏది వస్తుంది

పోర్టు ఉద్గారాల్లో ఐదు రకాల వనరులుంటాయి: ఓడలు, టగ్గుల వంటి హార్బర్ పడవలు, సరుకు ఎత్తి దించే యంత్రాలు, బయటి లారీలు, రైళ్లు. సరుకు నిర్వహణ అంటే వీటిలో మూడోది. ఒడ్డున ఓడలోంచి కంటైనర్ ఎత్తే క్వే క్రేన్, దాన్ని యార్డుకి లాగే ట్రాక్టర్ లేదా స్ట్రాడిల్ క్యారియర్, పేర్చే ఆర్‌టీజీ, రీచ్ స్టాకర్, ఖాళీ డబ్బాల హ్యాండ్లర్, ఫోర్క్‌లిఫ్ట్. వీటితో పాటు రీఫర్ (కూలింగ్ కంటైనర్) ప్లగ్గులు, యార్డు హైమాస్ట్ దీపాలు కూడా చేర్చాలి. రేవులో నిలబడ్డ ఓడ తన జనరేటర్లతో కాల్చే ఇంధనం ఇందులోకి రాదు. అది చాలా పెద్ద సంఖ్య కాబట్టి కలిపేస్తే యంత్రాల సంగతి అందులో మునిగిపోతుంది.

సంస్థల గ్రీన్‌హౌస్ వాయువుల లెక్కకు వాడే అంతర్జాతీయ ప్రమాణమైన జీహెచ్‌జీ ప్రోటోకాల్ ప్రకారం టెర్మినల్ సొంతంగా కాల్చే ఇంధనం స్కోప్ 1, కొనే కరెంటు స్కోప్ 2, మిగిలినది స్కోప్ 3. వినడానికి తేలిగ్గా ఉన్నా, కిరాయి ట్రాక్టర్లు వచ్చేసరికి ఇక్కడే చిక్కు పడుతుంది. ట్రాక్టర్లను కాంట్రాక్టరుకి అప్పగించి, డీజిల్ కూడా అతనే పోసుకునేలా ఒప్పందం రాస్తే, చాలా టెర్మినళ్ల లెక్కలో ఆ ఉద్గారాలు స్కోప్ 1 నుంచి స్కోప్ 3కి జారిపోతాయి. బండ్లు అవే, తిరిగే దూరమూ అదే, ఆకాశంలోకి పోయే పొగ కూడా అంతే. స్కోప్ 1 మాత్రం రాత్రికి రాత్రి సగమవుతుంది. కాబట్టి సరుకు నిర్వహణ అంచనాలో స్కోపుల విభజన పక్కన "యార్డులో పనిచేసే యంత్రాలన్నీ, ఎవరివైనా సరే" అనే ఒక మొత్తం వరస తప్పకుండా ఉండాలి. ఏళ్ల మధ్య పోలిక ఆ వరసలోనే నిజంగా కుదురుతుంది.

గేటు దగ్గరా, లోపలా క్యూలో నిలబడే బయటి లారీలది మరో పద్దు. ఇంజిన్ ఆపకుండా నిలబడ్డ బరువు లారీ గంటకు సుమారు 3 లీటర్లు కాలుస్తుంది, అంటే దాదాపు 8 కిలోల కార్బన్ డయాక్సైడ్. ఆ డీజిల్ లారీ యజమానిదే అయినా, క్యూ టెర్మినల్ వల్లే ఏర్పడుతుంది. గేట్ ఇన్, గేట్ అవుట్ సమయాలు కంప్యూటర్లో ఎలాగూ ఉంటాయి కాబట్టి లోపల నిలబడ్డ భాగాన్ని విడిగా లెక్కకట్టడం కష్టమేం కాదు. గేటు బయటి వరుసలో గడిపిన సమయం మాత్రం ఆ రికార్డుల్లో ఉండదని గుర్తుంచుకోవాలి.

డీజిల్ లెక్క

లీటరు డీజిల్‌కు 2.68 కిలోల కార్బన్ డయాక్సైడ్ అనే అంకె ఎక్కడి నుంచి వచ్చిందో తెలిస్తే, దాన్ని ఎప్పుడు మార్చాలో కూడా తెలుస్తుంది. ఐపీసీసీ (వాతావరణ మార్పుపై ఐక్యరాజ్యసమితి శాస్త్రీయ సంఘం) 2006 మార్గదర్శకాల్లో డీజిల్ ఉష్ణ విలువ కిలోకు 43.0 మెగాజౌళ్లు, ఉద్గార గుణకం ఒక టెరాజౌల్‌కు 74,100 కిలోలు. సాంద్రత లీటరుకు 0.84 కిలోలు అనుకుంటే లీటరులో 36.1 మెగాజౌళ్లుంటాయి. దాన్ని 74.1 గ్రాములతో గుణిస్తే 2.68 కిలోలు. ఇందులో కదిలేది సాంద్రత. సరఫరాదారు ఇచ్చే పరీక్ష పత్రంలో అది 0.82 ఉంటే గుణకం 2.61కి దిగుతుంది, 0.86 ఉంటే 2.74కి ఎక్కుతుంది. కొనుగోలు టన్నుల్లో, పంపిణీ లీటర్లలో రాసుకునే చోట ఈ తేడా ఏటా ఒక "మాయమైన డీజిల్"గా కనిపిస్తూ ఉంటుంది.

అసలు పరిమాణం కట్టే పద్ధతి సరళమే. ఏడాది మొదటి రోజు ట్యాంకు నిల్వ, దానికి కొనుగోళ్లు కలిపి, ఆఖరి రోజు నిల్వ తీసేయాలి. ఒక్క కొనుగోలు బిల్లులతో సరిపెడితే డిసెంబరు ఆఖర్లో వచ్చిన ట్యాంకర్ రెండేళ్ల లెక్కనూ చెడగొడుతుంది. ఆ మొత్తంలోంచి జనరేటర్లు, ఫైర్ పంపులు, జీపులు, సిబ్బంది బస్సులు తాగినది వేరుచేయాలి. మిగిలిన దాన్ని బౌజర్ (యంత్రాల దగ్గరికి వెళ్లి డీజిల్ పోసే ట్యాంకర్) ఫ్లో మీటరు ప్రకారం యంత్రాలకు పోసిన మొత్తంతో సరిచూడాలి. డీజిల్ ఒక డిగ్రీ సెల్సియస్‌కు సుమారు 0.08 శాతం వ్యాకోచిస్తుంది కనుక, 15 డిగ్రీల తేడా ఉంటే ఒకటింపావు శాతం దాకా దాని వల్లే వస్తుంది. మూడు శాతం లోపు తేడా వస్తే ఆందోళన అక్కర్లేదు. పది శాతం వచ్చిందంటే బౌజర్ మీటరు తప్పు చూపిస్తోంది, లేదా ఎవరో రాయకుండా పోస్తున్నారు, లేదా డీజిల్ బయటికి పోతోంది. కర్బన లెక్క కోసం చేసిన ఈ పని వల్ల దొంగతనాలు బయటపడటం అరుదేమీ కాదు.

జీవ ఇంధనం కలిపిన డీజిల్ అయితే, ఆ భాగం నుంచి వచ్చే కార్బన్ డయాక్సైడ్‌ను మొత్తంలో కలపకుండా విడిగా చూపించాలి. దాని మీథేన్, నైట్రస్ ఆక్సైడ్‌లను మాత్రం మొత్తంలోనే ఉంచాలి. కొత్త ఇంజిన్లలో పోసే యూరియా ద్రావణం నుంచి కూడా కొంత కార్బన్ డయాక్సైడ్ వస్తుంది, ద్రావణం కిలోకు సుమారు 0.24 కిలోలు. ఇంధనంలో ఐదు శాతం మేర వాడినా అది డీజిల్ ఉద్గారాల్లో అర శాతం దాటదు. ఒక వరస రాసి ముందుకెళ్లొచ్చు.

నైట్రస్ ఆక్సైడ్ మాత్రం అలా వదిలేసే సంగతి కాదు. ఐపీసీసీ 2006లో పరిశ్రమల ఆఫ్-రోడ్ డీజిల్ యంత్రాలకు ఇచ్చిన గుణకం టెరాజౌల్‌కు 28.6 కిలోలు. రోడ్డు మీద తిరిగే డీజిల్ వాహనాలకు అది 3.9 మాత్రమే. ఐపీసీసీ ఆరో నివేదిక ప్రకారం నైట్రస్ ఆక్సైడ్ వేడెక్కించే శక్తి కార్బన్ డయాక్సైడ్‌కు 273 రెట్లు. కాబట్టి ఆఫ్-రోడ్ గుణకం పెడితే లీటరు డీజిల్ 2.96 కిలోల కార్బన్ డయాక్సైడ్‌కు సమానం అవుతుంది, రోడ్డు గుణకం పెడితే 2.72. ఒకే ట్యాంకు, ఒకే డీజిల్, దాదాపు తొమ్మిది శాతం తేడా. రెండు టెర్మినళ్లలో ఒకటి మెరుగని చెప్పే ముందు ఈ ఒక్క సంఖ్య ఎవరు ఏది వాడారో చూడాలి. చాలా పోలికలు ఇక్కడే కూలిపోతాయి.

ఇంకో తేడా ఇంతకన్నా పెద్దది. ఇంజిన్‌లో కాలినప్పుడు వచ్చేది మాత్రమే లెక్కించాలా, లేక ముడిచమురు తీసి, శుద్ధిచేసి, ట్యాంకుకు చేర్చేదాకా జరిగినదీ కలపాలా? ఈఎన్ 16258 అనే 2012 నాటి ఐరోపా ప్రమాణంలో డీజిల్‌కు మొదటి లెక్కలో లీటరుకు 2.67, రెండో లెక్కలో 3.24 కిలోలు. 21 శాతం పెరుగుదల. 2023లో వచ్చిన ఐఎస్ఓ 14083 రవాణా గొలుసు మొత్తానికి రెండో పద్ధతినే కోరుతుంది. టెర్మినల్ తన సంస్థ నివేదికకు స్కోప్ 1 కింద మొదటిదాన్ని, కస్టమరుకి ఇచ్చే కంటైనర్ లెక్కకు రెండోదాన్ని వాడాలి. రెండూ సరైనవే. ఒకదాని స్థానంలో మరోటి రాయడమే తప్పు.

లోడ్ ఫ్యాక్టర్ చేసే చేటు

ట్యాంకు రికార్డులు లేనప్పుడు, లేదా మొత్తాన్ని యంత్రాల వారీగా విడగొట్టాల్సి వచ్చినప్పుడు ఇంజిన్ సూత్రం తప్పదు: ఇంజిన్ సామర్థ్యం, లోడ్ ఫ్యాక్టర్, గంటలు, ఉద్గార గుణకం, ఈ నాలుగింటి గుణకారం. లోడ్ ఫ్యాక్టర్ అంటే ఇంజిన్ తన పూర్తి సామర్థ్యంలో సగటున ఎంత భాగం వాడుతోందో చెప్పే నిష్పత్తి. లాస్ ఏంజెలెస్, లాంగ్ బీచ్ పోర్టుల వార్షిక జాబితాల్లో వాడే విలువలు ప్రపంచమంతా పాకాయి: యార్డ్ ట్రాక్టర్‌కు 0.39, టాప్ హ్యాండ్లర్ (కంటైనర్‌ను పైనుంచి పట్టి ఎత్తే బండి), రీచ్ స్టాకర్‌లకు 0.59, ఫోర్క్‌లిఫ్ట్‌కు 0.30, ఆర్‌టీజీకి 0.20.

ఆర్‌టీజీ విలువకు ఒక చరిత్ర ఉంది. మొదట్లో దానికి 0.43 వాడేవారు. యంత్రాల మీద కొలిచి చూశాక 0.20కి దించారు. ఇంత తేడా ఎందుకొచ్చింది? ఆర్‌టీజీ జనరేటరును బరువైన కంటైనర్‌ను పూర్తి వేగంతో పైకెత్తే ఆ కొద్ది సెకన్ల కోసం ఎంపిక చేస్తారు. మిగతా సమయమంతా అది దించుతూనో, జరుగుతూనో, తరువాతి లారీ కోసం ఎదురు చూస్తూనో ఉంటుంది. 400 కిలోవాట్ల జనరేటరుకు 0.43 పెడితే గంటకు సుమారు 46 లీటర్లు వస్తుంది, 0.20 పెడితే 21. పాత యంత్రాల్లో ఎదురుచూసేటప్పుడు కూడా ఇంజిన్ స్థిరమైన వేగంతో తిరుగుతుంది, ఆపరేటర్ క్యాబిన్ ఏసీకీ దీపాలకీ డీజిల్ పోస్తూ ఉంటుంది. వేగం తగ్గించుకునే జనరేటరు బిగించిన యంత్రాల్లో ఈ వృథా బాగా తగ్గుతుంది. ఈ రెండిటికీ ఒకే లోడ్ ఫ్యాక్టర్ పెడితే, డబ్బు ఖర్చుపెట్టి చేసిన మార్పు లెక్కలో కనిపించనే కనిపించదు.

కాబట్టి పుస్తకంలోని విలువను అలాగే వాడకుండా, తిరగేసి కట్టాలి. మొదటి ఉదాహరణలోని ట్రాక్టర్ నిజంగా గంటకు 8 లీటర్లు తాగుతోందని బౌజర్ రికార్డు చెప్పిందనుకుందాం. 8 లీటర్లంటే 6.72 కిలోలు. కిలోవాట్-గంటకు 223 గ్రాముల చొప్పున అది 30 కిలోవాట్-గంటలు. 170తో భాగిస్తే లోడ్ ఫ్యాక్టర్ 0.18. ఆ టెర్మినల్‌కి, ఆ ట్రాక్టర్ మోడల్‌కి అదే అసలు విలువ. ప్రతి మోడల్ నుంచి నాలుగైదు యంత్రాలకు నెల రోజుల పాటు నింపుడు రికార్డు, అవర్ మీటరు కలిపి రాసుకుంటే ఈ పని అయిపోతుంది. ప్రతిసారీ ట్యాంకు నిండా పోసిన రోజులనే తీసుకోవాలి. సగం నింపిన రోజులు కలిస్తే ఫలితం పనికిరాదు.

గంటల దగ్గర కూడా తప్పులు పొంచి ఉంటాయి. అవర్ మీటరు ఇంజిన్ తిరిగిన గంటలు చూపిస్తుంది, పనిచేసిన గంటలు కాదు. కంట్రోల్ రూమ్ లెక్కలో ఉండేవి ఆపరేటర్‌కి కేటాయించిన షిఫ్టు గంటలు. ఈ మూడూ వేర్వేరు. ఒక ట్రాక్టర్ 3,000 గంటల్లో 1,400 గంటలు నిలబడి గంటకు 2.5 లీటర్లు కాల్చిందనుకుంటే, నిలబడటానికే 3,500 లీటర్లు పోయాయి. మొత్తం 24,000 లీటర్లలో ఇది ఏడో వంతు, పైగా ఇంజిన్ ఆపితే చాలు తగ్గేది. ఇంజిన్ కంట్రోల్ యూనిట్ నుంచి నేరుగా ఇంధన వినియోగం చదివే పరికరం ఉంటే ఈ విడదీత దానంతటదే వస్తుంది. ఇక మీటరు మార్చినప్పుడు సున్నా నుంచి మొదలై ఏడాది గంటలు రుణాత్మకంగా రావడం, జాబితాలో సగం ఇంజిన్లు హార్స్‌పవర్‌లో, సగం కిలోవాట్లలో రాయడం రోజూ చూసే పొరపాట్లు. రెండోది సరిచూడకపోతే ఆ యంత్రాలకు 34 శాతం అదనంగా పడుతుంది.

కరెంటు: కదలికల ఖర్చు, కదలకపోయినా ఖర్చు

క్వే క్రేన్ ఒక కంటైనర్‌ను ఎత్తడానికి సుమారు 6 యూనిట్లు (కిలోవాట్-గంటలు) వాడుతుందనే లెక్క అధ్యయనాల్లో తరచుగా కనిపిస్తుంది. ఇది నమ్మదగినదేనా అని భౌతికశాస్త్రంతో చూసుకోవచ్చు. కంటైనర్, దాన్ని పట్టుకునే చట్రం (స్ప్రెడర్), ఆ చట్రాన్ని క్రేన్ తాళ్లకు కలిపే హెడ్‌బ్లాక్ కలిపి 30 టన్నులు, ఎత్తు 30 మీటర్లు అనుకుంటే, ఎత్తడానికి కనీసం కావాల్సిన శక్తి 88 లక్షల జౌళ్లు, అంటే 2.45 యూనిట్లు. మోటారు, గేర్‌బాక్సు నష్టాలు, ట్రాలీ కదలిక, ఖాళీ స్ప్రెడర్ తిరుగు ప్రయాణం కలిస్తే నాలుగు నుంచి ఆరు యూనిట్లు సహజమే. ఎవరైనా ఒకటిన్నర యూనిట్లు అన్నా, ఇరవై అన్నా మీటరు దగ్గరికి వెళ్లి చూడాల్సిందే.

దించేటప్పుడు మోటారు జనరేటరుగా మారి కరెంటు తిరిగి ఇస్తుంది. ఆ కరెంటును గ్రిడ్ వైపు పంపే డ్రైవ్ ఉంటే పక్క క్రేన్ దాన్ని వాడుకుంటుంది. లేకపోతే రెసిస్టర్లలో వేడిగా పోతుంది. క్రేన్ మీటరు లోపలికి వచ్చిన యూనిట్లనే లెక్కిస్తూ, తిరిగి పంపినవి తీసేయకపోతే, క్రేన్ల మొత్తం సబ్‌స్టేషన్ మీటరు కన్నా ఎక్కువ చూపిస్తుంది. ఇలా కనబడితే మీటర్లు పాడైపోయాయని అనుకోకూడదు, రెండు దిశల రీడింగులూ తీసుకుంటున్నారో లేదో చూడాలి.

అయితే కరెంటు లెక్కలో ఎక్కువమంది పడే గుంత వేరే ఉంది. నెల యూనిట్లను కదలికల (క్రేన్ ఒక కంటైనర్‌ను ఎత్తి దించితే ఒక కదలిక) సంఖ్యతో భాగించి "కదలికకు ఇన్ని యూనిట్లు" అని రాయడం. ఒక నెలలో 40,000 కదలికలకు 5,20,000 యూనిట్లు, ఇంకో నెలలో 25,000 కదలికలకు 4,00,000 యూనిట్లు వాడారనుకుందాం. భాగిస్తే మొదటి నెల 13, రెండో నెల 16. రెండో నెలలో పనితీరు 23 శాతం దిగజారిందని నివేదిక రాస్తుంది. నిజానికి ఏమీ మారలేదు. 15,000 కదలికల తేడాకు 1,20,000 యూనిట్లు, అంటే కదలికకు 8. మిగిలిన రెండు లక్షల యూనిట్లు కదలికలతో సంబంధం లేకుండా ప్రతి నెలా పోతున్నాయి: దీపాలు, ఆఫీసు ఏసీలు, క్రేన్ల లోపలి హీటర్లు, ట్రాన్స్‌ఫార్మర్ నష్టాలు. కనీసం పన్నెండు నెలల గణాంకాలు గ్రాఫు మీద పెట్టి గీత గీస్తే ఈ రెండు భాగాలూ విడిపోతాయి. సరుకు తగ్గిన ఏడాది కంటైనర్‌కు పడే ఉద్గారాలు పెరగడం, సరుకు పెరిగిన ఏడాది ఏ ప్రయత్నమూ లేకుండా తగ్గడం ఈ స్థిరభాగం మహిమే.

యూనిట్లను ఉద్గారాలుగా మార్చేటప్పుడు, 2015లో వచ్చిన జీహెచ్‌జీ ప్రోటోకాల్ స్కోప్ 2 మార్గదర్శకం రెండు సంఖ్యలూ ఇవ్వమంటుంది: ఆ ప్రాంత గ్రిడ్ సగటు ప్రకారం ఒకటి, సంస్థ కొన్న కరెంటు ఒప్పందాలు, ధ్రువపత్రాల ప్రకారం మరొకటి. పచ్చ కరెంటు కొన్నామని రెండోదాన్నే ప్రకటించి మొదటిదాన్ని దాచడం పద్ధతి కాదు. గ్రిడ్ గుణకం ఏటా మారుతుంది కాబట్టి అది ఏ సంవత్సరానిదో రాయాలి. పంపిణీ నష్టాలు ఆ గుణకంలో ముందే కలిసి ఉన్నాయో లేదో చూడకపోతే రెండుసార్లు పడతాయి, లేదా అసలే పడవు.

రీఫర్లు

కూలింగ్ కంటైనర్ ఎక్కడికీ కదలదు, అందుకే కదలికల లెక్కలో కనబడదు. సగటున 4 కిలోవాట్లు లాగే ఒక నలభై అడుగుల రీఫర్ మూడు రోజులు ప్లగ్గులో ఉంటే 288 యూనిట్లు. దాన్ని ఓడలోంచి దించడానికి అయింది 6 యూనిట్లు. నలభై ఎనిమిది రెట్లు! రీఫర్లు బాగా వచ్చే టెర్మినల్‌లో యార్డు కరెంటులో అతిపెద్ద వాటా వీటిదే కావచ్చు.

తప్పు రెండువైపులా జరుగుతుంది. నేమ్‌ప్లేట్ మీద ఉన్న సామర్థ్యాన్ని గంటలతో గుణిస్తే మూడింతలు వస్తుంది, ఎందుకంటే కంప్రెసర్ ఆ స్థాయిలో నడిచేది మొదట చల్లబరిచేటప్పుడే. అలాగని అన్నిటికీ ఒకే సగటు పెడితే వేసవి, శీతాకాలం తేడా పోతుంది. గడ్డకట్టిన సరుకు కన్నా చల్లగా మాత్రమే ఉంచాల్సిన పండ్లకు ఎక్కువ కరెంటు పట్టడం కూడా జరుగుతుంది: పండ్ల మధ్య గాలి ఆడుతూ ఉండాలి కనుక ఫ్యాన్లు వేగంగా, ఆగకుండా తిరుగుతాయి. గడ్డకట్టిన సరుకుకు యంత్రం ఆగి ఆగి నడిస్తే సరిపోతుంది. ప్లగ్గు పెట్టిన సమయం, తీసిన సమయం, రీఫర్ ఫీడర్ మీటరు, ఈ మూడూ ఉంటే చాలు, ఆ టెర్మినల్‌కు తగిన సగటు దొరుకుతుంది. రీఫర్లను సాధారణ కంటైనర్ల నుంచి వేరే వరసలో ఉంచాలి. మామూలు బట్టల కంటైనర్ మీద చేపల కంటైనర్ కరెంటు రుద్దడం ఏ లెక్కకూ న్యాయం కాదు.

దేనితో భాగించాలి

మొత్తం ఉద్గారాలు సరిగ్గా వచ్చాక, వాటిని కంటైనర్లకు పంచే దగ్గర ఫలితం తలకిందులయ్యే ప్రమాదం ఉంది. లెక్క చూపిస్తే బాగా అర్థమవుతుంది. క్వే క్రేన్ కదలిక 3 కిలోలు (6 యూనిట్లు, యూనిట్‌కు అర కిలో చొప్పున), ఆర్‌టీజీ కదలిక 1.6 లీటర్లతో 4.3 కిలోలు, ట్రాక్టర్ ట్రిప్పు కూడా 4.3 కిలోలు అనుకుందాం. దిగుమతి కంటైనర్‌కు ఒక క్వే కదలిక, ఒక ట్రాక్టర్ ట్రిప్పు, యార్డులో పెట్టడానికి ఒకటి, లారీ మీదికి ఎక్కించడానికి ఒకటి చొప్పున రెండు ఆర్‌టీజీ కదలికలు. మొత్తం 15.9 కిలోలు. ట్రాన్స్‌షిప్‌మెంట్ కంటైనర్ ఒక ఓడలోంచి దిగి ఇంకో ఓడ ఎక్కుతుంది: రెండు క్వే కదలికలు, రెండు ట్రిప్పులు, రెండు ఆర్‌టీజీ కదలికలు. మొత్తం 23.2 కిలోలు.

ఓడరేవుల గణాంకాల్లో ట్రాన్స్‌షిప్‌మెంట్ డబ్బాను దిగినప్పుడొకసారి, ఎక్కినప్పుడొకసారి లెక్కిస్తారు. కాబట్టి ఒక్కో లెక్కింపుకు 11.6 కిలోలే పడుతుంది, దిగుమతి కన్నా 27 శాతం తక్కువ. ఐఎస్ఓ 14083లో లాగా బయటికి వెళ్లే సరుకును ఒక్కసారే లెక్కిస్తే అదే డబ్బా 23.2 కిలోలు, దిగుమతి కన్నా 46 శాతం ఎక్కువ. యంత్రాలు ఒక్క మీటరు కూడా అటూ ఇటూ కదల్లేదు, భాజకం మారిందంతే. ట్రాన్స్‌షిప్‌మెంట్ వాటా చెప్పకుండా రెండు పోర్టుల "టీఈయూకి (ఇరవై అడుగుల కంటైనర్‌కు సమానమైన కొలత) ఇన్ని కిలోలు" పక్కపక్కన పెట్టిన పట్టిక ఎక్కడ కనిపించినా దాన్ని నమ్మక్కర్లేదు.

టీఈయూ దగ్గరా ఇదే కథ. ఆర్‌టీజీకి ఇరవై అడుగుల పెట్టె అయినా నలభై అడుగుల పెట్టె అయినా ఒక కదలికే. డబ్బాకు 15.9 కిలోలైతే, డబ్బాకు సగటున 1.4 టీఈయూ ఉన్న టెర్మినల్‌లో టీఈయూకి 11.4 కిలోలు, 1.7 ఉన్నచోట 9.4. యంత్రాల పని డబ్బాలతో నడుస్తుంది కనుక లోపలి లెక్క డబ్బాల్లోనే చేసి, బయటికి చెప్పేటప్పుడు టీఈయూకో టన్నుకో మార్చడం మేలు. టన్నులతో చెబితే ఖాళీ డబ్బాల బాధ వస్తుంది: వాటికీ అంతే కదలికలు, సరుకు మాత్రం సున్నా.

బిల్లులో లేని కదలికలను కూడా వదలకూడదు. ఐదు ఎత్తుల దొంతరలో యాదృచ్ఛికంగా ఒక డబ్బా అడిగితే, దానిపైనున్నవి తీయడానికి సగటున రెండు అదనపు కదలికలు పడతాయి. అడుగున ఉంటే నాలుగు. ఈ పునఃకదలికలు టెర్మినల్ ఆపరేటింగ్ సిస్టమ్ లాగులో ఉంటాయి కానీ కస్టమరు బిల్లులో ఉండవు. బిల్లు కదలికలతో మాత్రమే భాగిస్తే ఒక్కో కదలికకు ఇంధనం ఎక్కువగా కనబడి, తప్పంతా యంత్రం మీదికి పోతుంది. అసలు కారణం పేర్చిన తీరు.

ట్రాక్టర్లు, స్ట్రాడిల్ క్యారియర్లకు కదలికకు ఇంత అని ఒకే సంఖ్య చాలదు. రోటర్‌డామ్ టెర్మినళ్లకు వర్తింపజేస్తూ 2011లో ప్రచురితమైన పద్ధతిలో వినియోగాన్ని కదలికకు స్థిరభాగం, కిలోమీటరుకు చరభాగం అని విడగొట్టారు. రేవు నుంచి దూరంగా ఉన్న బ్లాకు వాడితే ఉద్గారాలు ఎంత పెరుగుతాయో అప్పుడే తెలుస్తుంది. దూరం కొలవడానికి బ్లాకు మధ్య బిందువు నుంచి క్రేన్ దాకా దారి పొడవు సరిపోతుంది, అయితే ఖాళీగా తిరిగొచ్చే దూరమూ కలపాలి.

ఎంతవరకు నమ్మొచ్చు

స్వతంత్రమైన పొరపాట్లను వర్గాల మొత్తానికి వర్గమూలం తీసి కలుపుతారు. ఇంధనం కొలతలో 3 శాతం, గుణకంలో 2 శాతం అనిశ్చితి ఉంటే మొత్తం 3.6 శాతం. ఇంజిన్ సూత్రంలో లోడ్ ఫ్యాక్టర్‌లో 30, గంటల్లో 10, ఇంధన వినియోగంలో 10 శాతం ఉంటే మొత్తం 33 శాతం. రెండో పద్ధతిలో కట్టిన లెక్కతో "గత ఏడాది కన్నా 4 శాతం తగ్గించాం" అని ప్రకటించడానికి ఆధారమే ఉండదు.

విద్యుదీకరణ వల్ల ఎంత తగ్గుతుందో ముందుగా అంచనా వేసేటప్పుడూ ఇదే జాగ్రత్త కావాలి. ఆర్‌టీజీ కదలికకు 1.6 లీటర్ల బదులు 3 యూనిట్ల కరెంటు పడితే, యూనిట్‌కు 0.7 కిలోల గ్రిడ్‌లో 4.3 కిలోలు 2.1కి దిగుతాయి. గ్రిడ్ గుణకం 1.43 దాటితే తప్ప నష్టం లేదు. బ్యాటరీ ట్రాక్టర్‌కి మాత్రం ఎక్కడ కొలిచారో చూడాలి. ట్రిప్పుకు బ్యాటరీ నుంచి 4 యూనిట్లు పోయాయని డాష్‌బోర్డు చూపిస్తే 2.8 కిలోలు, 35 శాతం తగ్గుదల. చార్జరు, బ్యాటరీ నష్టాలు కలిపి గ్రిడ్ వైపు 4.7 యూనిట్లు తీసుకుంటే 3.3 కిలోలు, 23 శాతమే. చార్జింగ్ స్టేషన్‌కి ఏసీ వైపున వేరే మీటరు పెట్టడం మొదటి రోజే జరగాలి. తరువాత పెడదామంటే ఆ ఏడాది లెక్క డాష్‌బోర్డు మాట మీదే నడుస్తుంది.

చివరగా, ఆధార సంవత్సరం, అంటే తరువాతి ఏళ్లను పోల్చడానికి మూలంగా తీసుకునే ఏడాది సంగతి. గుణకం మారినా, లోడ్ ఫ్యాక్టర్ సవరించినా, కిరాయి ట్రాక్టర్లు లోపలికో బయటికో మారినా ఆధార సంవత్సరాన్ని కొత్త పద్ధతిలో మళ్లీ కట్టాలి. ఆర్‌టీజీ విలువను 0.43 నుంచి 0.20కి మార్చిన ఏడాది పాత సంవత్సరాన్ని అలాగే వదిలేస్తే, ఒక్క క్రేన్‌నూ ముట్టుకోకుండానే వాటి ఉద్గారాలు సగానికి పైగా తగ్గినట్టు కాగితం మీద కనబడుతుంది. దీనికోసం ముడి సమాచారం దాచి ఉంచుకోవాలి: నెలవారీ ట్యాంకు నిల్వలు, బౌజర్ పంపిణీ, యంత్రాల వారీ గంటలు, రెండు దిశల మీటరు రీడింగులు, ప్లగ్గు సమయాలు, కదలికల లాగు, ఆ ఏడాది వాడిన ప్రతి గుణకం, అది ఏ సంవత్సరపు విలువ అన్నది. కేవలం టన్నుల మొత్తాన్ని దాచిపెట్టిన టెర్మినల్ ఐదేళ్ల తరువాత తన పాత లెక్కను తానే తిరిగి కట్టలేదు.